సప్పుడు లేని దసరా సెలవులు

ఆ కాలంలో మా బొగ్గుబాయి కాలనీలో పిల్లలు ఆడుకునే తీరు చూసి, వాళ్ళ బాపు ఆ వారం ఏ షిఫ్టులో ఉన్నాడో చెప్పేయవచ్చు. గల్లీ అదిరేలా అరుచుకుంటూ ఆడుతున్నారంటే బాపు పొద్దుటి షిఫ్టుకు పోయాడన్నమాట. పొద్దున నెమ్మదిగా ఉండి మధ్యాహ్నం నుంచి గొంతులు లేచాయంటే రెండో షిఫ్టు. వాకిట్లో నలుగురు పిల్లలుండి కూడా కాకుల అరుపు తప్ప ఏమీ వినిపించడం లేదంటే ఇక అనుమానమే అక్కర్లేదు, ఆ ఇంటాయన రాత్రంతా గనిలో పని చేసి వచ్చి లోపల పడుకున్నాడు. కంపెనీ క్వార్టర్లు ఒకదానికొకటి ఆనుకుని వరుసగా ఉండేవి. గోడలు ఎంత పల్చనంటే పక్కింట్లో పోపు పెడితే మా ఇంట్లో అందరం తుమ్మేవాళ్ళం. కాబట్టి ఒక ఇంట్లో నైట్ షిఫ్టు అంటే వరుస మొత్తానికీ నైట్ షిఫ్టే. ఇదంతా మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. నడక వచ్చినప్పుడే మునివేళ్ళ మీద నడవడం కూడా వచ్చేసింది.

ఇందులో చిక్కల్లా నాతోనే. నా గొంతు పెద్దది. నేను మా వాకిట్లో నిలబడి అమ్మను "అవ్వా" అని పిలిస్తే మా అవ్వ కంటే ముందు వరుస చివరింటి ఆవిడ పలికేది. కాలనీ అంతా నన్ను మైకు అనేవారు. (నా అసలు పేరు బడి హాజరుపట్టీలో ఉండేది. అక్కడ తప్ప దానితో ఎవరికీ పని పడలేదు.) నేను గుసగుసగా చెప్పాననుకున్న రహస్యాలు మరునాటికల్లా నల్లా దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకునేవారు. బాపు నైట్ షిఫ్టు వారాల్లో నేను నోరు కట్టుకునే ప్రయత్నం చేయకపోలేదు, కానీ రోజుకు ఎక్కడో ఒకచోట జారిపోయేది. బాపు లోపలి నుంచి ఒక్క కసురు కసిరి మళ్ళీ అటు తిరిగి పడుకునేవాడు. అలా సాగిపోతుండేది మా సంసారం.

ఏటా దసరా సెలవులకు పెద్దపల్లి దగ్గరి అమ్మమ్మ ఊరికి పోయేవాళ్ళం. అక్కడ ఎంత అరిచినా అడిగేవాడుండడు. ఆ ఏడు అమ్మమ్మ వాళ్ళు ఇంటి మీది రేకులు తీసేసి స్లాబు వేయిస్తున్నారు, వాళ్ళే పక్కవాళ్ళ పంచన వండుకుంటున్నారు, మమ్మల్ని ఎక్కడ పెట్టుకుంటారు? సెలవులన్నీ క్వార్టర్లోనే అని తేలింది. సరిగ్గా అదే వారం బాపుకు నైట్ షిఫ్టు పడింది. మేం ముగ్గురం, అంటే అన్న, నేను, తమ్ముడు, మొహాలు వేలాడేసుకుని కూర్చుంటే బాపుకు జాలేసినట్టుంది. అన్నం తింటూ తింటూ ఒక మాట అన్నాడు.

"ఈ వారం నా నిద్ర కరాబు చెయ్యకుంటె ఆదివారం కుంటాల జలపాతం పోదాం. నా దోస్తు జీపు ఇస్తడు. కానీ ఒక్కపారి నన్ను నిద్రల లేపిండ్రా, ఇగ కుంటాల లేదు, గింటాల లేదు."

శనివారం రాత్రి డ్యూటీ దిగి ఆదివారం పొద్దున్నే నేరుగా జీపెక్కాలి కాబట్టి వారమంతా నిద్ర నిల్వ చేసుకోవాలని ఆయన లెక్క. "నిద్రేమన్న మామిడికాయ తొక్కా, జాడిల పెట్టి దాసుకునేతందుకు?" అని అవ్వ నవ్వింది. నవ్వింది గానీ, బాపు లేచి చేయి కడుక్కోవడానికి పోగానే మమ్మల్ని దగ్గరకు పిలిచి మొహం మార్చి చెప్పింది. బాపు పని చేసేది గనిలో బొగ్గు టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను దగ్గర. ఎక్కడో లోపలి నుంచి గంట కొడతారు. ఆ గంటను బట్టి బాపు ఇంజను నడపాలి. ఆయన ఒక్క నిమిషం కునికితే కింద ఉన్న మనుషుల మీదికి టబ్బులు పోతాయి. కుంటాల సంగతి తర్వాత, బాపు నిద్ర మాత్రం ఆట కాదు అంది. మేం తలలూపాం. నిజం చెప్పాలంటే నా తల ఊగింది కుంటాల కోసమే. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ఎండాకాలంలో కుంటాల పోయి వచ్చి, సన్నటి నీళ్ళధార చూసి, దాన్నే పట్టుకుని బడి తెరిచినప్పటి నుంచి నా ప్రాణం తీసింది. వానలయ్యాక నిండుగా దూకే కుంటాలను చూసి వచ్చి దాని నోరు మూయించాలని నా పట్టుదల. అందుకు ముందు నా నోరు మూసుకోవాల్సి వచ్చింది.

మా అన్న అన్నిటికీ పథకం వేసే రకం. ఆటలన్నిటినీ సప్పుడు లేకుండా మార్చేశాడు. అష్టాచెమ్మా గవ్వలను నాలుగు మడతలు వేసిన దుప్పటి మీద వేసేవాళ్ళం. క్రికెట్టుకు బాపు పాత సాక్సులు చుట్టి బంతి, చుట్టిన తువ్వాల బ్యాటు. అవుటైతే అరవకూడదు, రెండు చేతులూ పైకెత్తి గంతులేయాలి, అదీ మడమలు ఆనకుండా. అంత్యాక్షరి కూడా ఆడాం, వట్టి పెదాలతో. నేను ఒక పాట పాడితే అన్న ఇంకో పాట అనుకునేవాడు, ఆ తగాదా కూడా చేతులతోనే నడిచేది. తమ్ముడికి దెబ్బ తగిలితే ఏడవడానికి ఒక స్థలం కేటాయించాం. వరుస దాటి నీళ్ళ ట్యాంకు వెనక్కి పరుగెత్తి, అక్కడ కడుపునిండా ఏడ్చి, ముక్కు తుడుచుకుని వచ్చి మళ్ళీ ఆటలో కలవాలి. పాపం వాడు దెబ్బ తగలగానే నోరు రెండు చేతులతో మూసుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని పరుగెత్తుతుంటే మాకు నవ్వాగేది కాదు. నవ్వడానికి కూడా అదే స్థలం కాబట్టి వాడి వెనకాలే మేమూ పరుగెత్తేవాళ్ళం. ట్యాంకు వెనక ఒకడు ఏడుస్తుంటే ఇద్దరు నవ్వుతూ నిలబడడం చూసి వచ్చేపోయే వాళ్ళు మమ్మల్ని ఎంత దుర్మార్గులనుకున్నారో తెలియదు. అవ్వ కూడా తక్కువ తినలేదు. కుక్కరు ఎత్తుకుని నాలుగిళ్ళ అవతలికి పోయి, అక్కడ కూతలు పెట్టించుకుని, కొంగుతో పట్టుకుని తెచ్చేది.

బయటి నుంచి వచ్చే సప్పుడును ఆపే పని నాకు అప్పజెప్పారు. పాత ఇనుము వాడు, కూరగాయల బండి వాడు అరుచుకుంటూ రాకుండా మా వరుస మొదట్లో నిలబడి ఆపాలి. అక్కడైనా గొంతెత్తితే ఎక్కడ జారిపోతుందోనని నేను నోరు తెరవకుండా సైగలు చేసేదాన్ని. ఒక రోజు సీతాఫలాల గంప నెత్తిన పెట్టుకుని ఒక పెద్దమ్మ కేకేస్తూ వచ్చింది. పెదాల మీద వేలు పెట్టాను, చెంప కింద చేతులు పెట్టి కళ్ళు మూసి చూపించాను, ఇంటివైపు చూపించాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి గంప దించి, "అయ్యో బిడ్డా, మాటలు రావా" అని నా తల నిమిరి, మంచి పండొకటి ఏరి చేతిలో పెట్టింది. కాదు, నాకు మాటలు వచ్చు అని చెప్పాల్సిన మాట నిజమే. కానీ అది చెప్పాలంటే మాట్లాడాలి, మాట్లాడితే బాపు లేస్తాడు, బాపు లేస్తే కుంటాల పోతుంది. (ఈ తర్కాన్ని అన్న కూడా ఒప్పుకున్నాడు, పండులో సగం వాడికిచ్చాక.) ఆ తర్వాత ఆ పెద్దమ్మ రోజూ వచ్చింది, నేనూ రోజూ సైగలు చేశాను.

సాయంత్రం బాపు లేచాక మాత్రం మాకు పండగే. స్కూటరు మీద ముగ్గురినీ ఎక్కించుకుని గోదావరి ఒడ్డుకు తీసుకుపోయేవాడు. తంగేడు పువ్వు, గునుగు పువ్వు సంచి నిండా కోసుకుని వచ్చి అవ్వకు ఇస్తే ఆమె బతుకమ్మ పేర్చేది. పగలంతా మింగిన అరుపులన్నీ నేను గోదావరి ఒడ్డునే వదిలేసి వచ్చేదాన్ని. ఆ అరుపులు వింటుంటే బాపు మొహం ఎందుకో విచ్చుకునేది. చిన్నదాన్ని, అదేమిటో నాకు అప్పుడు తట్టలేదు.

వారం చివరికి వచ్చేసరికి ఉన్న ఆటలన్నీ విసుగొచ్చాయి. అన్న కొత్త ఆట కనిపెట్టాడు, దాని పేరు బొగ్గుబాయి. పెరట్లో గోనెసంచి మీద తమ్ముణ్ణి కూర్చోబెడితే వాడు బొగ్గు టబ్బు. సంచికి అవ్వ పాత చీర కట్టి నేను లాగితే నేను ఇంజను. అన్న గంట కొట్టేవాడు. బాపు దగ్గర విన్న గంటల లెక్కే మా లెక్క: ఒకటి కొడితే ఆగాలి, రెండు కొడితే కిందికి వదలాలి, మూడు కొడితే పైకి లాగాలి. ఆగకుండా కొడుతూనే ఉంటే ప్రమాదం. గంటకు బదులు పెరట్లోని నల్లా పైపు మీద చెంచాతో మెల్లగా తట్టేవాడు. పక్కన నిలబడ్డ మాకే సరిగ్గా వినిపించనంత మెల్లగా. అయితే మేం మరిచిపోయిందేమిటంటే, ఆ ఇనుప పైపు అక్కడితో అయిపోలేదు. గోడలోంచి లోపలికి పోయి, బాపు పడుకున్న మంచం తలాపు పక్క నుంచే వంటగదిలోకి పోతుంది.

కిటికీ సందులోంచి మొదట చూసింది తమ్ముడు. నా చేయి పట్టి గుంజుకుపోయి చూపించాడు. బాపు వెల్లకిలా పడుకుని ఉన్నాడు, కళ్ళు మూసుకునే ఉన్నాయి. అన్న మూడు తట్టగానే ఆయన కుడిచేయి లేచి గాలిలో ఏదో పట్టుకుని నెమ్మదిగా వెనక్కి లాగింది. ఒకటి తడితే అక్కడే ఆగింది. రెండు తడితే మెల్లగా ముందుకు జరిగింది. మాకు ఆశ్చర్యంతో ఊపిరాడలేదు. బాపును మేం ముట్టుకోలేదు, పిలవలేదు, నిద్ర కూడా చెడలేదు, అయినా చెంచాతో నడుపుతున్నాం! ఆ రోజు, మరునాడు శనివారం కూడా అదే ఆట. మూడు తట్టడం, కిటికీ దగ్గరికి పరుగెత్తడం, చూడడం, నవ్వడానికి ట్యాంకు వెనక్కి పోవడం. కాళ్ళు నొప్పులు పుట్టాయి గానీ ఆట మీద మోజు తీరలేదు.

శనివారం మధ్యాహ్నం గంట తాను కొడతానని తమ్ముడు మొండికేశాడు. సరేనని అన్న సంచి మీద కూర్చున్నాడు. వాడు బరువు, చీర లాగలేక నేను జారి వెనక్కి పడ్డాను. అది చూసి తమ్ముడికి సంబరం ఎక్కువై, చెంచాతో పైపు మీద ఆగకుండా టకటకటకమని కొట్టేశాడు.

లోపల మంచం కిర్రుమంది. తలుపు తెరుచుకుంది. బాపు లుంగీతో, బనీనుతో, చెప్పులు లేకుండా పెరట్లోకి ఒక్క ఉరుకు ఉరికి, నా పక్కన నేల మీదున్న చీర కొసను రెండు చేతులతో ఒడిసిపట్టి, మడమలు నేలకు తన్నిపెట్టి గట్టిగా లాగి పట్టుకున్నాడు. చీర అవతలి కొసన సంచి మీద మా అన్న. వాడు ఎక్కడికీ జారడం లేదు, నోరు తెరిచి బాపును చూస్తున్నాడు, అంతే. కానీ బాపు మొహంలో రక్తం లేదు. ఆ మొహం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు, భయమేసింది. కాసేపటికి ఆయన చీరను చూశాడు, చెంచాను చూశాడు, మా ముగ్గురినీ చూశాడు. చీర వదిలి నల్లా గద్దె మీద కూర్చున్నాడు. తమ్ముడు ఏడుపు మొహం పెట్టి, రెండు చేతులతో నోరు మూసుకుని, ట్యాంకు వైపు పరుగందుకోబోతే బాపు వాణ్ణి పట్టుకుని ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఈడనే ఏడు బిడ్డా, ఏం కాదు" అన్నాడు.

వారం రోజుల ఏడుపు బాకీ ఉన్నట్టు వాడు గొంతు విప్పాడు. అవ్వ పరుగెత్తుకొచ్చింది. సంగతి తెలిసి మమ్మల్ని తిట్టబోయేసరికి బాపే అడ్డుపడి అసలు విషయం బయటపెట్టాడు. పొద్దున వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా నిద్ర బాగానే పడుతోందట. ఆ తర్వాత మెలకువ వస్తే మళ్ళీ కన్నంటుకోవడం లేదట. అలా ఊరికే పడుకుని ఉంటే నిన్న పైపు మీద గంట వినిపించిందట, సరే పిల్లలు ఆడుకుంటున్నారు, నేనూ ఆడతా అనుకున్నాడట. అంటే మేం నడిపిన బాపు కళ్ళు మూసుకుని మమ్మల్ని ఆడిస్తున్నాడన్నమాట.

"ఆట అని నాకు ఎరికే. అయినా గా గంట ఇన్నంక కాళ్ళు ఆగలే" అని నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఆయన తాగేదాకా పక్కనే నిలబడింది.

మరి మధ్యాహ్నం నిద్ర ఎందుకు పడతలేదని తర్వాత ఆమే అడిగింది. బాపు నావైపు చూశాడు. "ఇంట్ల గింత సప్పుడు లేకుంటె నిద్ర ఎట్ల పడ్తది? ఎప్పుడన్న మైకు నోరు ఇనకుండ పండుకున్ననా? పిల్లకు జరం గిట్ల అచ్చిందా అని వారం సంది పరేషాన్ అయితున్న."

నేను ఏడవలేదు, నవ్వలేదు. నా గొంతు గురించి ఎవరైనా ఒక మంచి మాట చెప్పడం అదే మొదటిసారి, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. ఈలోగా అన్న మాత్రం అసలు సంగతి మరిచిపోలేదు. సంచి మీద నుంచి లేచి దుమ్ము దులుపుకుని, చాలా మర్యాదగా అడిగాడు.

"బాపు, నువ్వు మెలకువతోనే ఉంటివి గదా. మరి మేము నిద్రల లేపినట్టు ఎట్లయితది?"

బాపు ఆలోచించి, అవ్వను చూసి, ఓడిపోయానన్నట్టు చేతులెత్తాడు. రెండు చేతులూ పైకి, మడమలు ఆనకుండా. కిటికీలోంచి ఆయన మా క్రికెట్టు కూడా చూశాడని అప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున జీపు కదలగానే నేను వారం బిగబట్టిన గొంతుతో ఒక్క కేక పెట్టాను. వరుస మొదట్లో సీతాఫలాల పెద్దమ్మ గంపతో ఎదురైంది. నన్ను చూసి, నా కేక విని, గంప దించేసి చెంపలు వేసుకుంది. "గౌరమ్మ తల్లి పిల్లకు నోరిచ్చింది" అని జీపు ఆపించి మరో రెండు పండ్లు నా ఒళ్ళో పడేసింది. అవ్వ నన్ను చూసిన చూపుకు కుంటాల దాకా నాకు మళ్ళీ నోరు పోయింది.

మెట్లన్నీ దిగి కిందికి పోయేసరికి ఆ నీళ్ళ హోరు ముందు నా గొంతు కూడా ఎందుకూ కొరగాలేదు. బండల మీద నుంచి తెల్లగా దూకుతోంది కుంటాల. నేను నోరంతా తెరిచి అరిచాను, పక్కనున్న అన్నకే వినిపించలేదు. బాపు దూరంగా ఒక చదును బండ చూసుకుని, తువ్వాల పరిచి, ఇలా నడుం వాల్చాడో లేదో నిద్రపోయాడు. ఈసారి దొంగ నిద్ర కాదు, నోరు తెరిచి పడుకున్నాడు. గనిలో ఇంజను పక్కన అలవాటైన చెవులకు ఆ హోరు జోలపాటలా పనిచేసిందేమో. మేం ఆయన చుట్టూ కూర్చుని పులిహోర తిన్నాం, దుప్పటి మడత వేసి గవ్వలాడాం, పెదాలతో అంత్యాక్షరి పాడుకున్నాం. మాట ఎలాగూ వినిపించదు, మాకా విద్య చేతిలోనే ఉంది. చుట్టుపక్కల కుటుంబాలు చెవుల్లో అరుచుకుంటూ అవస్థ పడుతుంటే మేం హాయిగా సైగలతో తగువులాడుకున్నాం. తిరిగి వెళ్ళే వేళకు అవ్వ పిలిచినా, అన్న కుదిపినా బాపు లేవలేదు. చివరికి తమ్ముడు ఖాళీ టిఫిను డబ్బాను ఆయన చెవి దగ్గర పెట్టి రాయితో మూడుసార్లు తట్టాడు. బాపు కుడిచేయి లేచి గాలిని వెనక్కి లాగింది. ఆ తర్వాత కళ్ళు తెరిచాడు.

ఇప్పుడు బాపు రిటైరై అవ్వతో పెద్దపల్లిలో ఉంటున్నాడు. నేను కరీంనగర్‌లో ఫోన్లలో జనాలకు నెమ్మదిగా జవాబు చెప్పే ఉద్యోగం చేస్తున్నాను. నెమ్మదిగా, నవ్వుతూ, గొంతు పెంచకుండా అని నేర్పించారు. నేర్చుకున్నాను కూడా. ఇప్పుడు కూరగాయల బండివాడు నన్ను రెండుసార్లు అడిగితే గాని నేనేమన్నానో తెలియదు. మైకు అంటే మా అపార్ట్‌మెంటులో ఎవరూ నమ్మరు.

మొన్న దసరా సెలవులకు అవ్వా బాపూ మా ఇంటికి వచ్చారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంట్లో చీమ చిటుక్కుమన్న శబ్దం లేదు. మా అమ్మాయి చెవుల్లో ఏవో పెట్టుకుని ఫోనులో ఆట ఆడుకుంటోంది, దాని ఆటలకు ఎవరూ సప్పుడు మాన్పించే పనే లేదు. అవ్వ వంటింట్లో ఏదో సర్దుకుంటోంది. బాపు లోపల అటూ ఇటూ దొర్లి దొర్లి, చివరికి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"జర ఏదన్న లొల్లి పెట్టు బిడ్డా. నిద్ర పడ్తలేదు."

మొదట సిగ్గేసింది. గొంతు సవరించుకున్నాను. వంటింటి వైపు తిరిగి, ఏళ్ళుగా వాడని గొంతుతో "అవ్వా" అని ఒక్క కేక పెట్టాను. మా అమ్మాయి చెవుల్లోవి పీకేసి, నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది. నేను ఆపలేదు. నల్లా దగ్గరి ముచ్చట్ల నుంచి కుంటాల దాకా జ్ఞాపకమున్న కబుర్లన్నీ అవ్వతో గట్టిగా చెప్పుకుంటూ పోయాను, అవ్వ కూడా వంటింట్లోంచి గట్టిగానే జవాబులిచ్చింది. కాసేపటికి లోపలి నుంచి గురక మొదలైంది. అంతలో ఎవరో తలుపు తట్టారు. తీస్తే ఎదురు ఫ్లాటు అక్క, మొహమంతా కంగారు. ఇంట్లో ఏమైంది, అంత గొడవేమిటని అడిగింది. గురక ఆగిపోకుండా, గొంతు ఏమాత్రం తగ్గించకుండా చెప్పాను.

"ఏం లేదక్కా, మా బాపు పండుకున్నడు."